నోటి మాట చరిత్ర కాదా?

ఏలూరు చరిత్ర మీద వ్యాసం రాయమంటే అది ఎలా మొదలై ఎలా ముగుస్తుందో చదవకుండానే చెప్పవచ్చు. హేలాపురి అన్న పాత పేరుతో ఎత్తుకుంటారు. పక్కనున్న పెదవేగి, అక్కడినుంచి ఏలిన శాలంకాయనులు, వారి తర్వాత తూర్పు చాళుక్యులు, గుంటుపల్లి కొండమీది బౌద్ధ గుహలు, ఆ వెనక గజపతులు, గోల్కొండ సుల్తానులు, కుంపిణీ దొరలు వరసగా వస్తారు. ఆఖర్న జాతీయోద్యమంలో జైలుకెళ్లిన పెద్దమనుషుల పేర్లతో వ్యాసం పూర్తవుతుంది. కాలేజీ సావనీరులోనైనా, పత్రిక ప్రత్యేక సంచికలోనైనా ఇదే వరస. 1925లో ఏలూరు కేంద్రంగా ఏర్పడ్డ పశ్చిమగోదావరి జిల్లాకు నూరేళ్లు నిండాయి. ఆ నూరేళ్లలో తంగెళ్లమూడి మగ్గం మీద తివాచీ నేసినవాళ్లు, జూట్ మిల్లులో రాత్రి షిఫ్టులు చేసినవాళ్లు, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసినవాళ్లు, కొల్లేటి లంకల్లో తాటిదోనె మీద పుట్టి పెరిగినవాళ్లు ఆ వరసలో ఎక్కడా కనబడరు.

వాళ్లను పిలిచి, ఒకచోట కూర్చోబెట్టి, మీ బతుకు మీరే చెప్పండి, మేం రాసుకుంటాం అని ఎవరైనా మొదలుపెడితే చదువుకున్నవాళ్ల నుంచి ముందుగా వచ్చే మాట ఒకటే. అవి ముసలాళ్ల ముచ్చట్లు, వినడానికి బాగుంటాయి, చరిత్ర మాత్రం కాదు. చరిత్రకు శాసనం కావాలి, రికార్డు కావాలి, తేదీ కావాలి. ఈ మాట అనేవాళ్లలో చెడ్డవాళ్లు లేరు. చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్లే ఎక్కువ. అయినా ఆ మాట తప్పు. మర్యాద దృష్టితో తప్పని నేననడం లేదు, విద్య దృష్టితోనే తప్పంటున్నాను. కొల్లేరు లాంటి చోట అయితే అది మనుషులకు నష్టం చేసే తప్పు.

ముందు ఆ అభిప్రాయం వయసు తెలుసుకుందాం. శాసనమే సాక్ష్యం, నోటి మాట పుక్కిటి పురాణం అన్న తీర్పు మన పెద్దలది కాదు. దానికి చోటూ కాలమూ ఉన్నాయి. ఆ చోటుకీ ఏలూరుకీ సంబంధం కూడా ఉంది.

కావలి వెంకట బొర్రయ్య 1776లో ఏలూరులో పుట్టాడు. కుంపిణీ సర్వేయరు కాలిన్ మెకంజీ దగ్గర దుబాసీగా చేరి, తన అన్నదమ్ములు లక్ష్మయ్యను, రామస్వామిని కూడా ఆ పనిలోకి తెచ్చాడు. వాళ్లు చేసిన పని ఏమిటి? దక్షిణదేశమంతా ఊరూరా తిరిగారు, మనుషుల్ని పంపించారు, కరణాల్నీ పూజారుల్నీ ఊరి పెద్దల్నీ కూర్చోబెట్టి మీ ఊరు ఎప్పుడు కట్టారు, చెరువు ఎవరు తవ్వారు, కరువు ఎప్పుడొచ్చింది, ఎవరు ఎవరి మీదికి దండెత్తారు అని అడిగి రాయించారు. అవే కైఫీయతులు. తర్వాత సి.పి. బ్రౌన్ వాటికి మళ్లీ నకళ్లు రాయించాడు కాబట్టి చాలా భాగం మనదాకా వచ్చాయి. ఈనాడు ఆంధ్రదేశంలో ఏ ఊరి స్థలచరిత్ర రాసినా కైఫీయతు ఉందా అని వెతకకుండా ఎవరూ కలం ముట్టరు. రెడ్డిరాజ్యాల చరిత్ర రాసిన మల్లంపల్లి సోమశేఖరశర్మ తరం చరిత్రకారులు శాసనాలతో పాటు వాటినీ పక్కన పెట్టుకునే పనిచేశారు.

బొర్రయ్యకు శాసనాలు తెలియక నోటి మాటల వెంట పడ్డాడా అంటే, లేదు. అప్పటికి పండితులకే కొరుకుడుపడని పాత కన్నడ లిపి శాసనాల్ని చదివినవాడు ఆయన. రాతినీ చదివాడు, మనిషినీ అడిగాడు. ఒకదానితో ఒకదాన్ని సరిచూసుకున్నాడు. ముప్పయ్యేళ్లు నిండకుండానే 1803లో చనిపోయాడు. 1821లో మెకంజీ పోయాక ఆ పని కొనసాగించడానికి అనుమతి కావాలని తమ్ముడు లక్ష్మయ్య సర్కారును అడిగాడు. 1830లలో ఆ విన్నపం కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ పెద్దల ముందుకు వెళ్లింది. జేమ్స్ ప్రిన్సెప్ వంటి విద్వాంసులున్న ఆ సంఘం, స్వదేశీయుడొకడు అంత పెద్ద పరిశోధనను సొంతంగా నడపగలడని నమ్మలేదు. విన్నపాన్ని సమర్థించలేదు. ఆ కాలంలోనే శాసనాలూ నాణేలూ పైమెట్టెక్కాయి, ఊరివాళ్ల కథనాలు కిందికి దిగాయి. అంటే ఈనాడు ఏలూరులో కూర్చుని నోటి మాట చరిత్ర కాదంటున్నవాళ్లు, ఏలూరు బిడ్డ విన్నపాన్ని తోసిపుచ్చిన కలకత్తా కమిటీ తీర్పునే తెలియకుండా చదివి వినిపిస్తున్నారు.

కైఫీయతుల్ని నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. వాటి లోపం మరోచోట ఉంది. అడిగినవాళ్లు నియోగులు, చెప్పినవాళ్లలో ఎక్కువమంది కరణాలు. ఊరి భూమి ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్లిందో అందులో దొరుకుతుంది. ఆ భూమిలో నాట్లు వేసిన మాలమాదిగలు, చేపలు పట్టిన వడ్డివాళ్లు, బావుల దగ్గర ఆడవాళ్లు ఏమనుకున్నారో దొరకదు. పద్ధతి మంచిది, కూర్చోబెట్టిన మనుషులే తక్కువ. రెండు వందల ఏళ్ల తర్వాత ఊరి చరిత్ర బృందాలు చేయవలసిన పని ఆ చాప వెడల్పు చేయడం. చాప ఎత్తేయమని చెప్పేవాళ్లతోనే నా పేచీ.

ఈ అభిప్రాయంలో ఇంకొక పక్షపాతం కూడా ఉంది. కొల్లేటికోట మీద ఉన్న కథ చూడండి. సరస్సు మధ్యలో గజపతుల కోట ఉందట. శత్రు సేనాని ఒడ్డున దిగి, నీళ్లు తీసేస్తే గాని కోట చిక్కదని సముద్రం దాకా కాలువ తవ్వించాడట. పని సాగడానికి కన్నకూతురినే బలిచ్చాడట. అందుకే ఆ చోటు పేరంటాల కనుమ అయిందంటారు, ఆ కాలువే ఉప్పుటేరు అంటారు. కొల్లేరు గురించి అచ్చయిన పరిచయ వ్యాసాల్లో చాలాసార్లు ఈ కథ ఉంటుంది. దీనికి శాసనం ఏదని అడిగినవాళ్లు అరుదు. రాజూ సేనానీ ఉన్న కథ కాబట్టి ఐతిహ్యం అన్న గౌరవంతో పుస్తకంలోకి వెళ్లింది. అదే లంకలో డెబ్భై దాటిన ఆడమనిషి, నేను పెళ్లయి వచ్చిన కొత్తల్లో ఫలానా గట్టు లేదు, దోనె మీద పెద్దింట్లమ్మ తిరునాళ్లకు ఇటునుంచి అటు సూటిగా వెళ్లేవాళ్లం అని చెబితే మాత్రం ఆధారం చూపించమంటారు. తండ్రి కూతురిని బలిచ్చిన కథకు అక్కర్లేని రుజువు, కళ్లతో చూసినదాన్ని చెప్పేవాళ్లకు ఎందుకు కావలసివచ్చింది?

ఇక కాగితం సంగతి. రికార్డు ఉంటే చాలనేవాళ్లు కొల్లేటి రికార్డు ఏ స్థితిలో ఉందో చూడాలి. కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏళ్లూ, పొలాల మురుగు కాలువలూ తెచ్చిన నీరంతా అందులోకి చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. వానాకాలం ఊళ్ల అంచు దాకా వచ్చే నీరు ఎండాకాలానికి వెనక్కి తగ్గుతుంది. భాద్రపదంలో దోనె నడిచిన చోటే వైశాఖంలో పశువులు మేస్తాయి, కొన్నిచోట్ల పంట కూడా పండుతుంది. సర్వే నంబరుకు ఈ మార్పు తెలియదు. అది ఒక గీత గీసి ఇటు నేల, అటు నీరు అంటుంది. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో 901 చదరపు కిలోమీటర్లు రామ్సర్ చిత్తడి నేలల జాబితాకెక్కాయి. ఐదు నుంచి మూడుకు కుదించమని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. ఈ అంకెలన్నీ ముఖ్యమైనవే. కానీ సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున పోయే ఆ గీత నేల మీద కనబడదు. ఏ ఏడు ఏ గుడి మెట్టు దాకా నీళ్లొచ్చాయో, ఏ దిబ్బ ఎన్నడూ మునగలేదో అక్కడే బతికినవాళ్లకు తెలుసు.

పైగా ఆ కాగితమైనా ఒకచోట లేదు. 2022లో ఏలూరు జిల్లా ఏర్పడేదాకా సరస్సు సగం పశ్చిమగోదావరిది, సగం కృష్ణాది. కైకలూరు వైపు ఫైళ్లు మచిలీపట్నంలో, ఇటువైపు ఫైళ్లు ఏలూరులో ఉండేవి. చేప జిల్లా సరిహద్దు చూసుకుని ఈదలేదు, పెళ్లిళ్లూ అప్పులూ తగాదాలూ ఆ సరిహద్దు చూసుకోలేదు. 1984లో కరణాల ఉద్యోగాలు రద్దయినప్పుడు ఊరి లెక్కలు అన్నిచోట్లా చేతికి చేతికి సవ్యంగా మారలేదు, దస్త్రం ఇంటి అటక మీదే ఉండిపోయిన ఊళ్లున్నాయని ఆ రోజులు చూసినవారెవరైనా చెబుతారు. చరిత్రంటే రికార్డే అనేవాళ్లు ఇంత చిల్లులుపడ్డ రికార్డును నిండు కుండలా చూపిస్తున్నారు.

దీనివల్ల ఏం నష్టమని అడగవచ్చు. 2006 వేసవిని గుర్తు చేసుకోండి. సుప్రీంకోర్టు ఆదేశాల మీద ఆపరేషన్ కొల్లేరు జరిగింది. అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లను పొక్లెయిన్లతో తెంచారు, చాలనిచోట పేలుడు పదార్థాలు పెట్టారు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా కొల్లేరు మీద రెండే కథలున్నాయి. ఒక కథలో సరస్సును మింగిన ఆక్రమణదారులున్నారు, కొంగల్నీ గూడబాతుల్నీ కాపాడవలసిన ప్రభుత్వముంది. రెండో కథలో పొట్టకొట్టబడ్డ పేద మత్స్యకారులున్నారు, జాలిలేని చట్టముంది. ఎన్నికల సభలో రెండోది, సదస్సు హాల్లో మొదటిది చెబుతారు. రెండింటికీ కాగితాలున్నాయి.

అసలు చెరువులు ఎలా వచ్చాయి? 1970లలో జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు లంక గ్రామాల్లో సొసైటీలు పెట్టి, చెరువులు తవ్వించి ఇచ్చింది ప్రభుత్వమే. బాగుపడండి అని ఇచ్చినవే. ఆ తర్వాత పెట్టుబడి ఉన్నవాళ్లు బయటినుంచి వచ్చారు. సొసైటీ పేరు అలాగే ఉంది, చెరువు లీజుకు వెళ్లింది. బొచ్చె, శీలావతి లారీల్లో ఐసు వేసుకుని కలకత్తా దాకా వెళ్లాయి. చెరువు ఎవరి పేరున ఉందో ఆ మనిషే గట్టు మీద కాపలా కూలీ అయ్యాడు. ఈ మార్పు ఏ ఏడు, ఏ ఊళ్లో, ఎంత అప్పు దగ్గర, ఎవరి వేలిముద్రతో జరిగింది? లీజులు చాలావరకు నోటి ఒప్పందాలు, తెల్లకాగితాలు. ప్రభుత్వ ఫైలులో సొసైటీ సభ్యుల జాబితా ఉంటుంది, అంతే. ఆక్రమణదారుడూ బాధితుడూ ఒకే ఇంట్లో ఉన్న సంగతి, ఒక్కోచోట ఒకే మనిషిలో ఉన్న సంగతి ఆ జాబితా చెప్పదు. ముప్పయ్యేళ్ల ఆ కథ లంకల్లో పెద్దవాళ్ల నోట మాత్రమే ఉంది. ప్రతికోళ్లలంక, గుడివాకలంక, ఆగడాలలంక, పెనుమాకలంక వంటి ఊళ్లలో మనుషుల్ని కూర్చోబెట్టి ఆ కాలం చెప్పించుకోకుండా కొల్లేటి మీద ఏ విధానం చేసినా, అది సగం తెలిసి చేసిన విధానమే అవుతుంది. జిరాయితీ భూములకు న్యాయం కావాలన్నా, సరస్సుకు నీరు కావాలన్నా మొదట వినవలసింది వాళ్లనే.

సరే, జ్ఞాపకం పొరబడుతుంది కదా అన్నది అసలైన అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తీసేయకూడదు. పొరబడుతుంది. మనిషి తేదీలు కలిపేస్తాడు, ఇద్దరు అధికారుల్ని ఒకడిని చేస్తాడు, తాను విన్నదాన్ని చూసినట్టు చెబుతాడు. ఇటలీలో తెర్నీ అనే ఉక్కు పరిశ్రమల పట్టణముంది. 1949 మార్చిలో లుయీజీ త్రస్తుల్లీ అనే యువ కార్మికుడు అక్కడి నిరసన ప్రదర్శనలో పోలీసుల చేతిలో చనిపోయాడు. అలెస్సాండ్రో పోర్తెల్లి అనే పరిశోధకుడు దశాబ్దాల తర్వాత కార్మికుల్ని అడిగితే, చాలామంది ఆ చావును 1953 నాటి ఉద్యోగాల తొలగింపు గొడవల్లో జరిగినట్టు చెప్పారు. నాలుగేళ్ల పొరపాటు. ఆయన దాన్ని చెత్తబుట్టలో పారేయలేదు. ఇంతమంది కలిసి ఒకేలా ఎందుకు పొరబడ్డారని అడిగాడు. తమలో ఒకడు చనిపోతే బదులు చెప్పలేకపోయిన బాధ వాళ్లను తొలిచింది. అందుకే ఆ చావును తాము నిజంగా వీధిలోకి వచ్చి పోరాడిన ఏటికి మార్చుకున్నారు. తేదీ రికార్డులో దొరికింది. ఆ ఊరి కార్మికుల మనసు రికార్డులో దొరకలేదు.

మన దగ్గర తేదీ సరిచూసుకోవడం అంత కష్టం కూడా కాదు. కోస్తాలో కాలాన్ని పంచాంగంతో కంటే తుఫానుతో లెక్కపెడతారు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనకు ముందా వెనకా అని అడగండి, టక్కున చెబుతారు. 1986 ఆగస్టు గోదావరి వరద నాటికి పెద్దపిల్ల ఎన్నో తరగతో, 1996 నవంబరు తుఫానుకు ఇల్లు తాటాకుదో డాబానో చెబుతారు. రామారావు రెండు రూపాయల బియ్యం అంటే మరో గుర్తు. ఇలాంటి నాలుగు గుర్తుల మధ్య ఒక జీవితాన్ని నిలబెడితే సంవత్సరం దానంతటదే తేలుతుంది. అడగడం వచ్చినవాడికి జ్ఞాపకం అంత అబద్ధాలకోరు కాదు.

ఒంటరిగా చెప్పించుకోవడం వేరు, నలుగురి మధ్య చెప్పించుకోవడం వేరు. బృందంగా కూర్చున్నచోట ఒకరు చెబుతుండగానే మరొకరు ఆపి, కాదు బాబాయ్, ఆ గట్టు తెగింది మీ రెండోవాడి పెళ్లి ముందు, తర్వాత కాదు అంటారు. అక్కడ ఒక వాదన నడుస్తుంది. కొన్నిసార్లు తేలుతుంది, కొన్నిసార్లు తేలదు. తేలకపోతే రెండూ రాయాలి. తహసీల్దారు ఫైలులో తప్పు రాస్తే పక్కనుండి కాదనేవాడు ఎవడు? ఆ తప్పు ముద్ర వేయించుకుని యాభై ఏళ్లు నిజంగా చెలామణీ అవుతుంది. పట్టాదారు పేరు తప్పుపడి, దాన్ని సరిదిద్దించుకోవడానికి ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన రైతు లేని ఊరు గోదావరి జిల్లాల్లో చూపించండి.

మరో అభ్యంతరం కులం. ఇలాంటి కూటాల్లో ప్రతివాడూ మా తాత జమీందారుకు కుడిభుజం అని మొదలుపెడతాడని, చివరికి కుల చరిత్రలే మిగులుతాయని అంటారు. కుల సంఘాల సావనీర్లు చూస్తే ఆ భయం అర్థమవుతుంది. కానీ సావనీరులో చెప్పేవాడూ వినేవాడూ ఒకే కులం, కాదనేవాడు ఉండడు. గట్టు వేయించిన రైతు, గట్టుకు మట్టి మోసిన మాలపల్లె మనిషి, గట్టు అడ్డమొచ్చాక చేపల మావులు పెట్టుకునే చోటు పోగొట్టుకున్న వడ్డి ముసలాయన ఒకే గదిలో, ఒకే ఎత్తు కుర్చీల మీద కూర్చుంటే గొప్పలు ఎంతసేపు నిలుస్తాయి? ఆ గది దొరకడమే కష్టమని నాకు తెలుసు. ఏ పేటలో, ఎవరి అరుగు మీద కూర్చుంటారన్న దగ్గరే సగం మంది రాకుండా ఆగిపోతారు. కాబట్టి ఏ ఇంట్లోనూ కాకుండా అందరిదీ అయిన చోట కూర్చోవాలి. తాతల సంగతి కాకుండా, నీ చేత్తో నువ్వు చేసిన పని చెప్పమని అడగాలి.

ఆ రోజులే వేరు అన్న పాట పాడతారనీ అంటారు. పాడతారు. ఒకప్పుడు కొల్లేటి నీళ్లే దోసిలితో తాగేవాళ్లమని లంకల్లో ఎవరిని కదిపినా చెబుతారు. అక్కడ ఆగిపోతే అది ముచ్చటే. ఎప్పటిదాకా తాగారు, ఎందుకు మానేశారు, మానేశాక మంచినీళ్లు ఎక్కడినుంచి, ఎవరు తెచ్చారు, బిందెకెంత అని అడిగితే సరస్సు కలుషితమైన క్రమం బయటికొస్తుంది. కొర్రమీను, ఇంగిలాయి, మట్టగిడస, జెల్ల ఎప్పుడు పలచబడ్డాయి, కిక్కిస కోసుకునే చోట గుర్రపుడెక్క ఎప్పుడు కమ్మింది అని అడిగితే జీవశాస్త్రవేత్తలకు పనికొచ్చే చరిత్ర వస్తుంది. పాట పాడారని చెప్పేవాడిది తప్పనకండి, అడిగేవాడు రెండో ప్రశ్న వేయలేదు.

ఆడవాళ్ల విషయంలో అయితే కాగితం దాదాపు ఖాళీ. తెలంగాణ సాయుధ పోరాటం మీద పార్టీ నాయకులు రాసిన చరిత్రలు చాలా ఉన్నాయి. 1986లో స్త్రీ శక్తి సంఘటన వాళ్లు ఆ పోరాటంలో ఉన్న ఆడవాళ్లను వెతికి, చెప్పించుకుని, ‘మనకు తెలియని మన చరిత్ర’ అచ్చువేశారు. తుపాకీ పట్టినవాళ్లూ, డెన్‌లో వంట చేసినవాళ్లూ, అడవిలో కన్నబిడ్డను వేరొకరికి అప్పగించవలసివచ్చిన తల్లీ అందులో మాట్లాడారు. పోరాటం విరమించాక ఇంటికి పొమ్మన్నప్పుడు ఏమనిపించిందో చెప్పారు. ఆ పుస్తకం వచ్చాక ఆ ఉద్యమ చరిత్రను పాత పద్ధతిలో రాయడం ఎవరికీ సాధ్యం కాలేదు. టేపురికార్డరు ముందు కూర్చున్న కొద్దిమంది ఆడవాళ్లు చేసిన పని అది.

మన ప్రాంతం సంగతే చూద్దాం. తాడేపల్లిగూడెం దగ్గరి పడమర విప్పర్రుకు చెందిన పసల కృష్ణమూర్తి, అంజలక్ష్మి దంపతులు శాసనోల్లంఘన ఉద్యమంలో జైలుకు వెళ్లారు. నిండుచూలాలిగా శిక్ష అనుభవిస్తూ అంజలక్ష్మి జైల్లోనే కూతురిని కన్నారు. ఆ కూతురు కృష్ణభారతికి 2022 జులైలో భీమవరం సభలో ప్రధానమంత్రి పాదాభివందనం చేస్తే దేశమంతా చూసింది. దానికి ముందు తొంభై ఏళ్లు ఆ కాన్పు కథ ఎన్ని జిల్లా చరిత్రల్లో ఉంది? జైలు రిజిస్టరులో ఖైదీ పేరు, సెక్షను, శిక్షాకాలం ఉంటాయి. పురిటినొప్పుల రాత్రి ఎవరు పక్కనున్నారో, పసిదానికి పాలు ఎలా దొరికాయో ఉండవు. పేరున్న కుటుంబం కాబట్టి ఆమాత్రమైనా మిగిలింది. ఆ రోజుల్లోనే జైలుకెళ్లినవాడి ఇంటి దగ్గర దూడల్నీ పిల్లల్నీ సాకిన ఆడవాళ్లు ఊరికి ఎందరో.

నవలలున్నాయి కదా అని సాహిత్యం చదివే మిత్రులు అంటారు. అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ రాశారు, కొల్లేరు మీద ప్రేమ ఉన్నవాళ్లందరూ చదవవలసిన పుస్తకం. కానీ నవల ఒక మనసు కూర్చిన లోకం. అందులో పాత్రలు రచయితతో పోట్లాడవు. జీవితం చెప్పుకునే కూటంలో పోట్లాడతారు. నవల ఉంది కాబట్టి సాక్ష్యం అక్కర్లేదనడం నవలకూ అన్యాయమే.

తాడేపల్లిగూడెం వైపు ఇంకా తొందర ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిషువాళ్లు అక్కడ విమానాలు దిగే రన్‌వే వేశారు. 1942 ఏప్రిల్లో విశాఖ మీద, కాకినాడ మీద జపాను బాంబులు పడ్డ కాలం. ఎవరి పొలాలు పోయాయి, ఎంతిచ్చారు, కంకర ఎవరు కొట్టారు, సోల్జర్లను చూసి ఊళ్లవాళ్లు ఏం చేశారు? యుద్ధం అయిపోయాక ఆ నేల దశాబ్దాలు ఖాళీగా పడి ఉంది. 2015లో వచ్చిన ఎన్ఐటీకి ఆ భూముల్లోనే ప్రాంగణం కట్టారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ ఇంజనీరింగు చదువుతున్నారు. తాము నడిచే నేల కింద ఎవరి చేను ఉండేదో వాళ్లకు చెప్పే పుస్తకం ఒక్కటీ నాకు కనబడలేదు.

చరిత్రంటే పాతదే కావాలా? 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. వన్‌టౌన్ పేటల్లో మొదలై ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. రక్తంలో సీసం, నికెల్ అన్నారు, పురుగుమందుల అవశేషాలన్నారు, ఒక్కో సంస్థ ఒక్కో నమూనా పట్టుకుపోయింది. ఆ నివేదికలు భద్రపరచాలి, సందేహం లేదు. కానీ ఆ వారం రోజులు పిల్లల్ని చేతుల్లో వేసుకుని పరుగెత్తిన తల్లుల మాట, ముందురోజు ఏం తిన్నారు, ఏ కుళాయి నీళ్లు తాగారు అన్న ఇంటింటి మాట ఎవరైనా పేట వారీగా రాసిపెట్టి ఉంచారా? ముప్పయ్యేళ్ల తర్వాత ఏలూరు చరిత్రలో అది వింతవ్యాధి అన్న ఒక్క వాక్యం అవుతుంది. చెప్పగలిగినవాళ్లందరూ ఇప్పుడు బతికే ఉన్నారు.

దీనికి పెద్ద సంస్థ అక్కర్లేదు. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. శాఖా గ్రంథాలయం గది సాయంత్రాలు ఖాళీగానే ఉంటుంది, ఏ కులం అరుగూ కాని చోటు అదే. ప్రతి జేబులోనూ రికార్డు చేసే ఫోనుంది. ఒకరు చెప్పాలి, కొందరు వినాలి, ఒకరు అడగాలి. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ రాసి, వినిపించి, వారు ఒప్పుకున్నాకే దాచాలి. కొల్లేటి భూముల తగాదాలు కోర్టుల్లో ఉన్నాయి, అప్పు సంగతో లీజు సంగతో బయటపెడితే చెప్పినవాళ్లకు కీడు జరగవచ్చు. అలాంటివి పేరు మార్చడమో, వారి జీవితకాలం దాకా మూసి ఉంచడమో చేయాలి. ఈ జాగ్రత్త లేకుండా చేసేవాళ్లను నేనూ విమర్శిస్తాను. నా మాటలతో ఏకీభవించని చరిత్ర అధ్యాపకులు కూడా ఆ గదికి రావాలి. తేదీ సరిచూడటం, ఫైలు వెతికి పక్కన పెట్టడం వాళ్లకు వచ్చినంత బాగా మాలాంటివాళ్లకు రాదు. ఊరికి వాళ్ల చదువు కావాలి.

ఎవరి దగ్గర మొదలుపెట్టాలన్న ప్రశ్నకు మాత్రం జవాబు వయసు చూసి చెప్పాలి. రన్‌వే వేసిన 1942లో పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు తొంభై దాటాయి. వెంగళరావు నాటి సొసైటీ చెరువులకు మట్టి మోసిన ఇరవయ్యేళ్ల వాళ్లకు డెబ్భై. ముందు తాడేపల్లిగూడెం వెళ్లాలి, ఆ వెంటనే లంకలకు.